బిగించి వేసిన జడలు

కథ రాయడం నేర్పుతామని ఇప్పుడు శిబిరాలు పెట్టి, ఎత్తుగడ, ముగింపు అంటూ బోర్డు మీద గీతలు గీస్తున్నారు. వింటుంటే ఒళ్ళు మండుతుంది. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ పాఠం నాకు బందరు నుంచి గుడివాడ వెళ్ళే పాసింజరులో, ముక్కూ మొహం తెలియని ఒకావిడ దగ్గర దొరికింది.

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటేడు. పెట్టెలో అందరి నోటా అదే మాట. నా సంచీలో కూడా ఉప్పెన మీద రాసిన కథ ఉంది, పత్రికకు పంపడానికి. ఎదురు బల్ల మీది ఆసామి చేతులు పైకెత్తి, "తాడిచెట్టంత అల బావగారూ" అని నాకు చూపిస్తున్నాడు. కిటికీ పక్కన కూర్చున్నావిడను కూడా అతనే కదిలించాడు.

"మీదే ఊరమ్మా?"

"నాగాయలంక అవతలండి."

"అయితే అల చూసే ఉంటారు."

"అలేమో, నాకు గుర్తులేదండి" అందావిడ. "పొద్దుట్నుంచీ ఒకటే గాలి. జుట్టు రేగిపోద్దని మా పిల్లకి రెండు జడలూ గట్టిగా బిగించి వేశాను. నొప్పమ్మా అని ఏడ్చింది. కాస్త వదులుగా వెయ్యాల్సిందండి" అంది.

ఆసామి చేతులు దించుకున్నాడు. గుడివాడ వచ్చేదాకా ఆ పిల్ల ఏమైందని ఎవరూ అడగలేదు.

నా కథను నేను పోస్టు చేయలేదు. అందులో ఊరు ఊరంతా కొట్టుకుపోతుంది గానీ, ఒక్క పిల్లకైనా ఎవరూ తల దువ్వరు.