గూడ్సు బండి వెడల్పు

నా చిన్నప్పుడు, అంటే తొంభైల్లో, మా ఊళ్ళో లేని రైలుకి ముగ్గురు ఆసాములు ఉండేవారు. ఒకరు మా తాతయ్య, రెండోవారు దర్జీ తాతగారు, మూడోవారు కిరాణా కొట్టు తాతగారు. మాది కె.గంగవరం దగ్గర ఊరు. కాకినాడ నుంచి కోటిపల్లి రేవుకి వచ్చే రైలు ఒకప్పుడు మా కొబ్బరితోట వెనకనుంచే వెళ్ళేదట. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇనుము కావాలని తెల్లదొరలు పట్టాలు పీక్కుపోయారు. అప్పటికి ఈ ముగ్గురూ నిక్కర్లేసుకు తిరిగే పిల్లలు. నేను పుట్టేసరికి ఆ రైలు తాలూకు మిగిలినవి గడ్డి మొలిచిన మట్టికట్టా, వీళ్ళ నోళ్ళూ.

మా బాధంతా ఆ నోళ్ళతోనే. పొద్దువాలితే చాలు, మా అరుగు మీద చేరేవారు. పాసింజరు బండి ఊసు వాళ్ళకి పట్టదు. "పాసింజరుదేవుందండీ, మనుషుల్ని మోసేది. గూడ్సు ఊరిని మోసేది" అనేవారు దర్జీ తాతగారు. బియ్యం బస్తాలు, కొబ్బరికాయలు, బెల్లం దిమ్మలు అన్నీ దాని మీదే వెళ్ళేవని వందోసారి చెప్పుకునేవారు. ఆ నల్ల ఇంజను పొడుగ్గా ఒక కూత కూసేదా, పొట్టిగా రెండు కూసేదా అన్నది ఏళ్ళ తరబడి తేలలేదు. ఎవరి వాదన వాళ్ళు కూసి మరీ చూపించేవారు. పరీక్షలకి చదువుకుంటూ ఆ కూతలు వినడం పగవాళ్ళకి కూడా వద్దు. మా వైపు కోపం పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుంది. "తమరు పొరపడుతున్నారండీ బావగారూ" అని అరుగు మీంచి వినపడగానే, ఇక ఈ పూట కాఫీలు తాగే స్థితిలో ఎవరూ లేరని నాయనమ్మ పొయ్యి ఆర్పేసేది.

ఇదంతా ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది వెదురుబద్ద. గూడ్సు పెట్టె ఎంత వెడల్పు ఉండేదో అంత పొడుగున తాతయ్య ఒక వెదురు కోయించి పెట్టుకున్నారు. ఏటా వానలు వెళ్ళాక, కార్తీకంలో, దాన్ని నడుం ఎత్తున అడ్డంగా పట్టుకుని కట్ట మీద నడిచేవారు. ఈ కొస తాతయ్య, ఆ కొస కొట్టు తాతగారు, ముందర కూత కూస్తూ దర్జీ తాతగారు. వెదురుకి ఏది తగిలితే అది బండికి అడ్డమన్నమాట. యుద్ధం అయిపోగానే పట్టాలు మళ్ళీ వేస్తామన్నారు కాబట్టి, దారి సిద్ధంగా ఉండాలని వాళ్ళ పట్టుదల. ఊళ్ళోవాళ్ళు బట్టల తీగలు విప్పి, వీళ్ళు దాటగానే మళ్ళీ కట్టుకునేవారు. మా తోట వెనక మాత్రం తప్పించుకునే దారి లేదు. అమ్మ ముచ్చటపడి వేసుకున్న మునగచెట్టుని కాయలతో సహా కొట్టించేశారు. అమ్మ చాలా రోజులు మావగారితో సూటిగా మాట్లాడలేదు.

అంత జరిగాక కూడా నేను కట్ట అంచున మామిడిటెంక పాతాను. ఏం చెయ్యను? తోటంతా కొబ్బరి నీడ. ఎండ తగిలేది ఆ కట్ట మీదే, అదీ తాతయ్య దేన్నీ మొలవనివ్వరు కాబట్టి. అది కొత్తపల్లి కొబ్బరి మామిడి టెంక. బడినుంచి రాగానే దానికి చెంబుడు నీళ్ళు పొయ్యనిదే నాకు తోచేది కాదు. మొదటి ఏడు పొట్టిగా ఉండి వెదురు కిందనుంచి తప్పించుకుంది. రెండో ఏడు నా నడుం దాకా వచ్చేసింది.

ఆ కార్తీకంలో వెదురు కొస దాని లేత కొమ్మకి తగిలింది. కూత ఆగిపోయింది.

"తీసెయ్యాలండీ, ఆయ్" అన్నారు దర్జీ తాతగారు. కట్టే కొంచెం అటు జరిగి ఉందేమో అన్నారు కొట్టు తాతగారు. ఇద్దరికీ మర్యాద ముదిరిపోయింది. నా చెట్టు బతకడం చావడం, యాభై ఏళ్ళ నాడు పోయిన బండి ఎటు వంగి వెళ్ళేదన్న దాని మీద పడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. చెట్టుకి అడ్డంగా నిలబడి, "రాని బండికి దారేంటి తాతయ్యా! అది రాదు. మీ ముగ్గురికీ తప్ప అందరికీ తెలుసు" అని అరిచేశాను.

తాతయ్య నన్ను చూశారు, చెట్టుని చూశారు. వెదురు కింద పెట్టి, మొలలోంచి కత్తి తీశారు. నేను చెట్టుని కావలించుకుని కళ్ళు మూసుకున్నాను. కత్తి పడిన చప్పుడు మాత్రం వేరేగా వినిపించింది. చూస్తే, తాతయ్య వెదురు కొసని జానెడు నరికేశారు.

"ఇప్పుడు గుర్తొచ్చింది. పెట్టె ఇంత వెడల్పు ఉండేది కాదు" అన్నారు.

జీవితమంతా బట్ట కొలిచిన దర్జీ తాతగారు నోరు తెరిచారు. తాతయ్య ముఖం చూసి మూసేశారు. మళ్ళీ వెదురు ఎత్తారు, కూత మొదలైంది, బండి నా చెట్టుని తగలకుండా వెళ్ళిపోయింది. నేనే గెలిచాననుకున్నాను.

తాతయ్య పోయిన కొన్నేళ్ళకి పట్టాలు నిజంగానే వచ్చాయి. రైల్వేవాళ్ళూ కొలిచారు, బండికి అడ్డమని కాపుకొచ్చిన నా మామిడిని కొట్టేశారు. ఏడుస్తూ చూస్తుంటే అప్పుడు తెలిసింది, తాతయ్య మొదటి కొలతే సరైనదని. ఆయనకి దాన్లో ఎన్నడూ అనుమానం లేదు. ఆయన దగ్గర మిగిలింది ఆ కొలత ఒక్కటే. దాన్లోంచి నాకోసం జానెడు కోసేశారు.

నేనూ పట్టుదల మనిషినే. మావారితోనో పిల్లలతోనో వాదన వచ్చి, నాదే ఒప్పని రూఢిగా తెలిసిన రోజున, ఎదుటివాళ్ళ ప్రాణం దేనిమీదో ఉందని కనిపిస్తే, ఒక జానెడు వదిలేస్తాను. విసుక్కుంటూనే వదులుతాను. ఆ రోజు తాతయ్య కూడా నవ్వుతూ నరకలేదు.