హారన్‌కు పెట్టిన బొట్టు

ఆ కాలంల కారుకు అద్దాలు లేకున్నా నడిచేది గని, హారన్ లేకుంటే మా గేటు దాటేది కాదు పిల్లలూ. ఇప్పుడైతే మా అశోక్‌నగర్ గల్లీల పరీక్షలకు చదివేటోళ్ళు చెవుల్ల వైర్లు పెట్టుకొని రోడ్డు నడిమిట్ల నడుస్తరు, ఎంత హారన్ కొట్టినా ఇనరు. మొన్న మీరు ఫోన్ల "నానమ్మా, నువ్వు కారు నడుపుతుంటివా, నిజమా?" అని అడిగితే, అలిసిపోయి, రేపు చెప్త అన్న. (ఈ మధ్య అన్నిటికీ రేపే అంటున్న.) ఇగో, ఇయ్యాల చెప్తున్న.

నాకు కొత్తగ పెండ్లయింది. కోఠిల ఒక ఆఫీసుల నౌకరి. చిక్కడపల్లి స్టాపుల బస్సు కోసం నిలబడి నిలబడి, ఆఫీసుకు పొయ్యేసరికే పొద్దంత పని చేసినట్టయ్యేది. మా మామకు ఒక పాత నల్ల కారుండె. ఆయనకు చూపు తగ్గి నడుపుడు బంద్ చేసిండు. నేను నేర్చుకొని, అడిగి అడిగి ఆయన్ని ఒప్పిచ్చిన. "దసరా తెల్లారి నుంచి తాళంచెవి నీదే" అన్నడు. ఇగ దసరా నాడు మామ గుడికి పోయినప్పుడు కారు పూజ నేనే చేసిన. "జర నిండుగ పెట్టు బిడ్డా" అన్నది అత్తమ్మ. సంబురంల నేను స్టీరింగ్ నడిమిట్ల, హారన్ బటన్ మీదనే గంధం మెత్తిన, కుంకుమ పెట్టిన, పిడికెడు అక్షింతలు చల్లిన. (కొబ్బరికాయ ఒక్కటి దాని మీద కొట్టలే.) తెల్లారి బటన్ ఒత్తితే చప్పుడే లేదు.

"హారన్ లేని బండిని నారాయణగూడ చౌరస్తాల ఎట్ల తీస్కపోతవు?" అన్నడు మామ. "ఎవరు కెలికిన్రో తెల్వాలె. కెలికినోళ్ళు మళ్ళ ఈ స్టీరింగ్ ముట్టద్దు." నాకు అనుమానం వచ్చింది గని ఏం చెప్త? ఆ పొద్దు హారన్‌కూ నాకూ ఒక్కసారే నోరు పడిపోయింది. మూడు రోజులు ఇల్లంత పరేషాన్. పక్కింటాయన బ్యాటరీ పోయిందన్నడు, పైన కిరాయికుండే సారు ఫ్యూజ్ అన్నడు, కవాడిగూడ నుంచి మామ తోడల్లుడొచ్చి కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, చాయ్ తాగి పోయిండు. నేను మళ్ళ బస్సుల్లనే.

నాలుగో రోజు మిస్త్రీ వచ్చిండు. ముసలాయన, నాకన్న అలిసిపోయి ఉన్నడు. ముందటి మూత లేపి, బ్యాటరీ నుంచి ఒక వైరు తెచ్చి హారన్‌కు నేరుగ తాకిచ్చిండు. గల్లీ మొత్తం ఉలిక్కిపడ్డది. "హారన్ బరాబర్ ఉంది." స్టీరింగ్ కిందికెళ్ళి వచ్చే వైరును కారు ఇనుముకు ఆనిచ్చిండు, మళ్ళ మోగింది. "వైరు గూడ బరాబరే. బీమారి బటన్లనే ఉన్నది" అని స్క్రూడ్రైవర్‌తోని దాని మూత ఊడదీసిండు. ఒత్తితే ఒకదానికొకటి తాకాల్సిన రెండు రేకుల నడుమ గంధం ఎండి పెచ్చు కట్టింది. అండ్ల ఒక్క అక్షింత, పచ్చగ, కావలి కూసున్నట్టుంది. మిస్త్రీ దాన్ని అరచేతుల పెట్టుకొని జరసేపు చూసి, "మీరు కారుకు బువ్వ గూడ పెడ్తరా అమ్మా?" అన్నడు.

మామ నా దిక్కు తిరిగిండు. "పూజ ఎవరు చేసిన్రు?"

నేను నోరు తెరిచేలోపల, అరుగు మీద బియ్యం ఏరుకుంట కూసున్న అత్తమ్మ, చాటలకెళ్ళి తల గూడ ఎత్తకుండ, "నేనే పెట్టిన" అన్నది.

"నువ్వా? నువ్వు కారు దగ్గరికే పోవు గద."

"ఏడాదికొక్కసారి పోత. కెలికినోళ్ళు స్టీరింగ్ ముట్టద్దంటివి గద, సరే, నేను ముట్ట. తాళంచెవి పిల్లకియ్యి, దానికి ఆలస్యమయితుంది."

మిస్త్రీకి దగ్గొచ్చింది. చానాసేపు దగ్గిండు. తర్వాత రేకులు గీకి, తుడిచి, మూత బిగిచ్చిండు. ఆ పొద్దు నేను కోఠి దాక అవసరమున్నా లేకున్నా హారన్ కొట్టుకుంటనే పోయిన.

పోయిన దసరాకు మీరంత వచ్చినప్పుడు, మీ అమ్మ మీ కొత్త కారుకు బొట్లు పెట్టుకుంట ఎనుక కెమెరా మీద గూడ పసుపు నిండుగ పెట్టింది. బండి ఎనుకకు తీస్తే తెర మీద లోకమంత పచ్చగ. "ఎవరు పెట్టిన్రు ఇది?" అని మీ నాయిన గరమయిండు. మీ అమ్మ మొఖం చూసిన. ఆ మొఖం నాకు బాగ ఎరుక. పైన కిటికీలకెళ్ళే "నేనే పెట్టిన" అన్న.

మోకాళ్ళ నొప్పులకు అప్పటికే నెల నుంచి మెట్లు దిగని దాన్ని, కారు దాక ఎట్ల పోయిననో మీ నాయిన ఇంకా అడగలే.