స్టాండు కింద వంతు

అక్వేరియం చేపలు పెంచేవాళ్ల క్లబ్బులో ఒక ఆచారం ఉండేది. ప్రదర్శనకు స్టాండు బిగించినవాడే దాని కింద కూర్చోవాలి. మిగతావాళ్లు పైన గాజు తొట్టెలు పెట్టి నీళ్లు పోస్తారు. నిండేదాకా లేవకూడదు. దీన్ని 'హామీ కూర్చోవడం' అనేవాళ్లు. ఎవడు మొదలెట్టాడో తెలియదు గానీ, బుద్ధున్నవాడు మాత్రం అయి ఉండడు.

ఈ వంతంటే ఫిట్టరుకు మహా సరదా. ఉద్యోగమంతా గ్యారేజీలో బస్సుల కింద పడుకునే గడిపిన మనిషికి స్టాండు కింద కూర్చోవడం ఒక లెక్కా! రిటైరయ్యాక వంటింట్లో డబ్బాలన్నీ సర్దడం మొదలెడితే, "ఆ చేపల దగ్గరికైనా పోండి, నా ప్రాణం తియ్యకుండా," అని భార్యే క్లబ్బుకు తరిమింది. అక్కడ ఆయన మనసు చేపల మీద కాక స్టాండ్ల మీద పడింది. ఊడదీసి వ్యాన్లో వేసుకెళ్లి, మళ్లీ బిగించుకునే చెక్క స్టాండ్లు. ఆయన పానా తిప్పుతుంటే లెక్కల మాస్టారు పక్కన రసమట్టం పట్టుకుని నిలబడేవాడు. పని తక్కువ, కబుర్లెక్కువ. మాస్టారి భార్య ఫిట్టరును 'అన్నయ్యా' అని పిలిచేది. అందుకని మాస్టారు 'బావా' అనేవాడు. తోబుట్టువులు లేని ఫిట్టరుకు ఆ అన్నయ్య పిలుపంటే ప్రాణం.

పోయినేడు ప్రదర్శన రోజున స్టాండు బిగిస్తుంటే వెనక ఏటవాలుగా వేసే పట్టీ కనబడలేదు. క్లబ్బు షెడ్డులోనే ఉండిపోయింది. స్టాండు పక్కకి ఒరగకుండా ఆపేది అదే. వ్యాను వెనక్కి పంపితే సరిపోయేది.

"నీళ్ల బరువుకి అదే కుదురుకుంటుందిలే," అన్నాడు ఫిట్టరు. ఖాళీ బస్సు ఎగిరెగిరి పడుతుంది, నిండిన బస్సు కుదురుగా పోతుంది. ఆయన జన్మంతా చూసింది అదే.

కింద కూర్చోబోతుంటే టీ వచ్చింది.

"చల్లారిపోతుంది, తాగు బావా. నీ బదులు నేను కూర్చుంటాలే," అంటూ మాస్టారు కిందకి దూరాడు.

గ్లాసు సగమైనా కాకముందే స్టాండు పక్కకి ఒరిగి కూలిపోయింది. చెక్కా గాజూ నీళ్లూ అన్నీ మాస్టారి మీదే పడ్డాయి. ఆసుపత్రికి చేరేలోపే ఆయన ప్రాణం పోయింది.

పట్టీ సంగతి ఫిట్టరు దాచలేదు. మాస్టారింటి గుమ్మంలో నిలబడి ఆయన భార్యకు తనే చెప్పాడు. ఆమె పల్లెత్తు మాట అనలేదు. తలుపేసుకుంది. చెడామడా తిట్టినా బాగుండేదని ఆయన కుమిలిపోయాడు. ఆ తర్వాత ఎక్కడ ఎదురుపడినా ఆమె పలకరించలేదు. క్లబ్బు ఆ దిక్కుమాలిన ఆచారాన్ని మానేసింది. ఫిట్టరు క్లబ్బునూ, టీనీ మానేశాడు.

ఈ ఏడు క్లబ్బు ప్రెసిడెంటు ఇంటికొచ్చాడు. "మాస్టారి చేపల్ని ఆవిడ ప్రదర్శనకు తెస్తోంది. స్టాండు నువ్వే చెయ్యాలంది."

ఫిట్టరు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "అన్నయ్యా అని ఒక్కసారి పిలిస్తే చాలు. ఇంకేం వద్దు నాకు," అన్నాడు భార్యతో. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని లోపలికెళ్లిపోయింది.

షెడ్డులో ఆయన పానా ఎవరి చేతికీ ఇవ్వలేదు. బోల్టు బోల్టుకీ వాషరు వేశాడు. ఏటవాలు పట్టీలు రెండు పెట్టాడు. అవి ఎక్కడా మిగిలిపోకుండా స్టాండు కాళ్లకు చిన్న గొలుసులతో తగిలించాడు.

ప్రదర్శన రోజు హాల్లో స్టాండు బిగించడం అయింది. మాస్టారి భార్య వచ్చి, ప్రెసిడెంటు వైపు తిరిగి, "కింద కూర్చోమనండి," అంది.

"అది మానేశాం కదమ్మా..."

"కూర్చోమనండి."

ఫిట్టరు కిందకి దూరాడు. బకెట్టు ఎవరినీ ముట్టుకోనివ్వకుండా ఆమే నీళ్లు పోసింది. కింద నుంచి ఆయనకు ఆమె పాదాలు, తడిసిన చీర అంచు మాత్రమే కనిపిస్తున్నాయి. పంపు దగ్గరికి వెళ్తున్నాయి, వస్తున్నాయి. నెత్తిమీద బరువు పెరుగుతోంది. ఒక్కసారి కిర్రుమన్నా బాగుండునని ఆయనకు అనిపించింది. మీద పడినా సరే అనిపించింది. స్టాండు కిమ్మనలేదు.

తొట్టెలన్నీ నిండాక ఆయన పాక్కుంటూ బయటికొచ్చాడు. ఆమె రెండు చేతులతో స్టాండును పట్టి గట్టిగా ఊపింది. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అప్పుడు ఆయన మొహంలోకి చూసింది.

"సరిగ్గా చెయ్యడం మీకు వచ్చన్నమాట, అన్నయ్యా," అంది.

బకెట్టు పక్కన పెట్టి, చేపల్ని తేవడానికి వెళ్లింది.

ఫిట్టరు మళ్లీ స్టాండు కిందకి దూరి కూర్చున్నాడు. ఎంతమంది పిలిచినా బయటికి రాలేదు.