మూర ఎక్కువైన తాను

కలకత్తా సర్కారు ఖజానాలో బయల్దేరిన సొమ్ము పాలకొల్లు పక్కన మా నేతపేటకు చేరాలంటే ఎన్ని గుమ్మాలు దాటాలో నాకు ఆ వరద ఏడే తెలిసింది. ఇంగ్లీషు రాణిగారి ఏలుబడి చివరి రోజులవి. నేను కాపురానికొచ్చి ఏడాది కూడా కాలేదు. గోదావరి గట్టు తెగి పేటలోని ప్రతి మగ్గం గుంటలోనూ బురదనీళ్లు నిలిచాయి. మా మగ్గాలు నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని నేసేవి కదా, గుంట నిండితే పని ఆగినట్టే. ఎలాగో నీళ్లు తోడి గుంటలు ఆరబెట్టుకునేసరికి, నూలిచ్చే షావుకారు ఈ ఏడు నావల్ల కాదని చేతులెత్తేశాడు.

తెగిన గట్టు పూడ్చడానికి సర్కారు కరువుపని పెట్టింది. మట్టి మోసినవాళ్లకు సాయంత్రానికల్లా కూలి. పేటంతా ఆశపడింది, భయపడింది కూడా. మా మామగారు సన్నం నూలు పంచెలకు పేరుపడ్డ మనిషి. పార పట్టి వేళ్లు కాయలు కాశాయంటే ఆ సన్నం పోగు ప్రతి పగులుకూ తగులుకుని తెగుతుంది. ఒకసారి చెయ్యి మొరటుబారితే మళ్లీ ముతక గుడ్డకే పనికొస్తుంది. అలాగని ఇంట్లో కూర్చుంటే గంజి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆయన రెండు రోజులు ఖాళీ మగ్గం చుట్టూ తిరిగారు. మూడో రోజు పొద్దున్నే మా అత్తగారు చీర ఎగదోపి, తట్ట చంకన పెట్టుకుని బయల్దేరింది. మా ఆయనా వెంట వెళ్లారు. ఆయన ఎప్పుడూ ముతక దుప్పట్లే నేసేవారు గనక ఆ చేతులకొచ్చిన ప్రమాదమేమీ లేదు.

నేనూ వస్తానన్నాను. అత్తగారు గుమ్మంలోనే ఆపేసింది.

"నువ్వొస్తే రేపు నూలొచ్చాక కండెలెవరు చుడతారే? మీ మామగారి చేతులూ నీ చేతులూ ఇంట్లో ఉండాలి. నావి వంట చేతులు, ఏదైనా మోస్తాయి."

కొన్నాళ్లకు నరసాపురం తాలూకా కచేరీ నుంచి ఒక గుమాస్తాగారు వచ్చి, నేతవాళ్లకు సర్కారే నూలిచ్చి నేయిస్తుందని చెప్పారు. మా అరుగు మీద కూర్చుని ఆయన నిబంధనలు వల్లిస్తుంటే కలకత్తా ఖజానా తాళంచెవి ఆయన మొలలోనే ఉందనిపించింది. కలకత్తా మద్రాసుకిస్తుందట, మద్రాసు కాకినాడకు, కాకినాడ తాలూకాకు. ఏ పద్దు కింద వచ్చిన సొమ్ము ఆ పద్దుకే ఖర్చుపెట్టాలి. గట్టు కూలి సొమ్ముతో నూలు కొనకూడదు, నూలు సొమ్ముతో బియ్యం కొనకూడదు. నేసిన గుడ్డ జైళ్లకూ ధర్మాసుపత్రులకూ పోతుంది, దాని ఖరీదు మళ్లీ పైకి జమ. మొదటి విడత లెక్క పైవాళ్లు ఒప్పుకుంటేనే రెండో విడత నూలు. ఇంటికి ఒక్క మగ్గానికే ఇస్తారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నూలు తెచ్చిన రోజు ఆ పూజారే ముసురులో పడవ మీద నూలు కట్టల పక్కన కూర్చుని, తన గొడుగు వాటికి పట్టి, తాను తడిసి ముద్దై వచ్చాడు. అలాంటివాడి మీద సామెతలు వెయ్యకూడదని ఆ రోజే నోరు కట్టుకున్నాను.

ఆ నూలు చేతికందగానే మామగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. మా పేటలో ఒక ఆనవాయితీ ఉంది. ఆపదలో ఆదుకున్నవారికి నేసే గుడ్డ అడిగిన కొలత కన్నా మూర ఎక్కువ నేస్తాం. ఆ మూరకు ఖరీదు కట్టం, దాని ఊసే ఎత్తం. మామగారు పడుగు వేసేటప్పుడే మూర కలిపారు. ఒక్క పోగు వృథా పోకుండా నేను కండెలు చుట్టాను. సర్కారిచ్చిన నూలులోనే ప్రతి తానూ మూర ఎక్కువొచ్చింది.

మంచికి పోతే చెడు ఎదురైంది. గుమాస్తాగారు తానులు కొలిచి, మళ్లీ కొలిచి, తలపట్టుకున్నారు.

"తప్పు కాదండి," అన్నారు మామగారు. "మేలు చేసినోళ్లకి మేం మూర ఎక్కువే నేస్తామండి."

"మీ మనసు నాకు తెలుసండి. పైవాళ్లకి తెలిసేది లెక్కొక్కటే. ఇంత నూలుకి ఇంత గుడ్డ అని రాసుకున్నారు. ఎక్కువొచ్చిందంటే నూలే ఎక్కువిచ్చామనుకుంటారు. వచ్చే విడత తాలూకా మొత్తానికి కోత పెడతారండి."

కచేరీ మనిషి మావాళ్లను అండీ అనడమే ఆ రోజుల్లో వింత. ఆ మర్యాదకే అనుకుంటాను, మామగారు ఎదురు చెప్పలేదు. లెక్క ఆగితే నూలు ఆగుతుంది, నూలు ఆగితే తనతో పాటు పేటలోని ప్రతి నేతగాడూ పార పట్టాలి. ఆయనే కత్తి తీసుకుని ప్రతి తాను చివరా మూర కోశారు. ఆ ముక్కలు మేం ఉంచుకోవడానికీ లేదు, నూలు సర్కారుది. గట్టు దగ్గర గాయాలకు కట్లు కట్టే కాంపౌండరు గుడ్డ కావాలని అడుగుతున్నాడని, గుమాస్తాగారు వాటిని అక్కడికి పంపించి రసీదు తెప్పించారు. లెక్క కుదిరింది, రెండో విడత నూలు వచ్చింది. ఆయన పిల్లాపాపలతో చల్లగా ఉండాలని ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం అత్తగారు గట్టు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అన్నానికి కూర్చుంది. కుడి అరచేతికి కట్టు ఉంది. తట్ట అంచు కోసి చీము పట్టిందట, మాకెవరికీ చెప్పలేదు. మామగారు దీపం దగ్గరికి జరిపి ఆ కట్టు అంచు వేళ్లతో తడిమి చూశారు. తన నేత తనకు తెలియదా? చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు.

"ఆ మూర నేను నెయ్యాల్సింది నీకే," అన్నారు.

నా ఎదుట ఆయన భార్యతో అంత మాట అనడం అదే మొదలు. ఎటు చూడాలో తెలియక నేను కంచంలోకి చూశాను. అత్తగారు మాత్రం ఎడం చేత్తో కొంగు సర్దుకుని, "మూరేం చేసుకుంటానండి, నేస్తే చీరే నెయ్యండి," అంది.

నేశారు. సర్కారు నూలుతో కాదు, మరుసటి ఏడు షావుకారు మళ్లీ నూలిచ్చాక. నేను ఆవిడకు ఏనాడూ కాళ్లకు మొక్కి కృతజ్ఞత చెప్పలేదు, అలాంటివి ఆవిడకు నచ్చవు. ఆ చీరకు కండెలు మాత్రం ఒక్కటి కూడా ఇంకొకరి చేత చుట్టించలేదు. చుడుతున్నంతసేపూ సన్నం పోగు నా వేళ్ల మీద ఎక్కడా తగులుకోకుండా జారింది.