ఎనిమిదో గుండీ

దయ్యాలు ఉన్నాయా లేవా అని నేనెప్పుడూ బుర్ర పాడుచేసుకోలేదు. లేవు. వరంగల్‌లో నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు, హాస్టల్ మూడో అంతస్తు చివరి గదిలో దయ్యముందని ఎవరూ చేరేవాళ్ళు కాదు. నేను చేరాను. నాలుగేళ్ళూ గది మొత్తం నాకే దక్కింది. దయ్యాల వల్ల నేను పొందిన లాభం అంతవరకే.

ఇప్పుడు చెప్పబోయేది దయ్యం కథ అని కూడా అనను. ఏమనాలో తెలియక రాస్తున్నాను.

నేను దోహాలో సర్వేయర్‌ని. ఉండేది ఉమ్ ఘువైలినాలో, ఆఫీసు అల్ సద్‌లో, ఎండలో నిలబడేది మాత్రం ఎక్కడ పంపిస్తే అక్కడ. పోయిన చలికాలం అల్ రయ్యాన్ దాటాక పడమర వైపు ఒక రోడ్డు పని వచ్చింది. పాత సర్వేవాళ్ళు పాతిన ఇనుప మేకులు ఇసుక కింద పడిపోతాయి. వాటిని మెటల్ డిటెక్టర్‌తో వెతికి పట్టుకోవాలి. చెవులకు హెడ్‌ఫోన్, చేతిలో కర్ర లాంటి యంత్రం. కింద లోహం ఉంటే కూత వస్తుంది. చదువుకున్నవాడు చేసే పనిలా కనిపించదు కానీ, జీతం వస్తుంది.

ఆ రోజు ఉదయం తొమ్మిదింటికి హెడ్‌ఫోన్‌లో కూత రాలేదు. క్లారినెట్ వచ్చింది.

సరిగ్గా మన పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండువాళ్ళు వాయించే క్లారినెట్. ఒక వరస పైకి ఎక్కి, పై మెట్టు మీద ఠక్కున ఆగి, ఎవరో గుటక వేసినంతసేపు ఖాళీ వదిలి, మళ్ళీ అందుకుంది. అలా మూడుసార్లు. యంత్రాన్ని పక్కకు జరిపితే ఆగింది. వెనక్కి తెస్తే వచ్చింది. యంత్రం ఏదో రేడియో స్టేషన్‌ని పట్టిందనుకుని, ఇంజనీరు ధర్మంగా ఆ చోట తవ్వాను. జానెడు లోతులో ఒక ఇత్తడి గుండీ దొరికింది. క్లారినెట్ ఆగిపోయింది. మేకు మటుకు అక్కడికి పది అడుగుల దూరంలో, మామూలు కూతతో దొరికింది.

గుండీ మీద కిరీటం, దాని కింద ఒక సింహం. వెనక దారం దూర్చే చిన్న చెవి. చూడగానే ఏదో సైన్యానిదని తెలిసిపోతోంది. మా ఇంట్లో ఇత్తడి చెంబులు తోమినట్టే చింతపండు పెట్టి తోమాను. ఫొటోలు తీసి, పాత గుండీల పిచ్చి ఉన్నవాళ్ళు కూడే ఒక ఇంటర్నెట్ గుంపులో పెట్టాను. ముందు తిట్లు పడ్డాయి. నూరేళ్ళ పాతదనాన్ని ఐదు నిమిషాల్లో కడిగేసిన మూర్ఖుడెవరని ఒకాయన అడిగాడు. కిరీటం వంపును బట్టి ఇది బ్రిటిష్ రాజుల కాలందని, రాణి కాలంది కాదని ఇంకొకాయన తేల్చాడు. అది సింహం కాదు, చిరుతపులి అని మూడో ఆయన వాదించాడు. ఏ దళమో మాత్రం ఎవరికీ దొరకలేదు. అంత అరుదైనదన్నమాట అని నేను రెండు రోజులు కొంచెం నిటారుగా నడిచాను.

సైట్‌లో పాత వస్తువు దొరికితే చెప్పాలన్నది రూలు. చెప్పాను. పురావస్తువులు చూసే ఒక మేడమ్ వచ్చి, భూతద్దంతో అర నిమిషం చూసింది. చెవి అతికించిన టంకం ఈమధ్యదని, మహా అయితే ముప్ఫై నలభై ఏళ్ళని, మీరే ఉంచుకోండని అంది. నూరేళ్ళ గుండీ అర నిమిషంలో నా ఈడుదైపోయింది.

దాన్ని సైట్ క్యాబిన్‌లో కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాను. రెండు రోజులకు మల్లన్న చాయ్ తెచ్చాడు.

మల్లన్నది జగిత్యాల దగ్గర పల్లె. యాభై ఏడేళ్ళు. పద్నాలుగేళ్ళుగా ఖతార్‌లో ఉన్నాడు, నా దగ్గర కొలబద్ద పట్టుకునే పని. మూడు వారాల్లో వీసా క్యాన్సిల్ చేసుకుని శాశ్వతంగా ఇంటికి వెళ్ళిపోతున్నాడు. చాయ్ బల్ల మీద పెట్టి, గుండీని చూసి, నా కుర్చీలో కూర్చున్నాడు. నా దగ్గర పనిచేసినన్నాళ్ళూ ఎప్పుడూ అలా కూర్చోలేదు.

"గిదెక్కడిది సార్?"

"మేకు వెతుకుతుంటే దొరికింది. సింహం చూశావా?"

"గది సింహం గాదు సార్. పిల్లి."

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

"మాది పెండ్లిల్ల బ్యాండు సార్. నేను డ్రమ్ము, మా అన్న క్లారినెట్. మా సేటు మిలిట్రీ లెక్క కోట్లు కుట్టిచ్చి, గుండీల మీద సింహం పెట్టుమన్నడు. గుండీలు చేసిన కంచరాయన సింహాన్ని ఎన్నడు సూసిండు? ఇంట్ల పిల్లి పండుకుంటే దాన్ని సూసుకుంట చెక్కిండు. సేటు మస్తు లొల్లి వెట్టిండు. ఊర్లె మమ్ముల పిల్లి బ్యాండు అనేటోళ్ళు."

నేను మళ్ళీ చూశాను. పిల్లే. ఒకసారి పిల్లి అని తెలిశాక అది ఇక సింహంగా కనపడదు. ఇంటర్నెట్‌లో ముగ్గురు పెద్దమనుషులు వారం రోజులు కొట్టుకున్నది ఈ పిల్లి కోసం.

"తొమ్మిది కోట్లు కుట్టిచ్చిండు సార్. తొమ్మిదిట్ల ఒక్క కోటే మా ఊరు దాటింది. అది మా అన్నది."

అన్న నర్సయ్య ఇరవై రెండేళ్ళ కిందట బ్యాండు వదిలి దుబాయ్ వెళ్ళాడు. రెండు ఉత్తరాలు వచ్చాయి, తర్వాత ఏమీ రాలేదు. దుబాయ్ నుంచి వచ్చిన ప్రతివాణ్ణీ మల్లన్న అడిగాడు. ఎవరికీ తెలియదు.

"ఖతార్‌లో అడగలేదా?" అన్నాను.

"దుబాయ్ పోయినోన్ని ఖతార్ల అడుగుతరా సార్?" అన్నాడు. అనేసి, ఆ మాట తనకే వినబడినట్టు ఆగిపోయాడు.

వాళ్ళ ఊళ్ళో సముద్రం దాటితే ఏ దేశమైనా దుబాయే. ఆ రెండు ఉత్తరాల మీద స్టాంపు ఏ దేశానిదో ఎవరూ చూడలేదు. మల్లన్న ఇక్కడ ఉన్న పద్నాలుగేళ్ళూ, వాళ్ళావిడ అందరికీ మా ఆయన దుబాయ్‌లో ఉన్నాడనే చెప్పింది. అది తెలిసి కూడా, అన్న విషయంలో అతనికి ఆ అనుమానం రాలేదు.

టికెట్‌కు ముందు మూడు శుక్రవారాలున్నాయి, ఇక్కడ మాకు సెలవు ఆ రోజే. గుండీ దొరికిన చోటికి చుట్టుపక్కల మేకలు, ఖర్జూరాలు ఉన్న తోటలు నాలుగైదు ఉన్నాయి. మొదటి శుక్రవారం కంపెనీ పికప్‌లో రెండు తిరిగాం. మాఫీ, మాఫీ అన్నారు, అంటే లేడని. రెండో శుక్రవారం ఓవర్‌టైం పడింది. మల్లన్న ఆ రోజు నాకు చాయ్ తేలేదు. మూడో శుక్రవారం, నాలుగో తోటలో ఒక బంగ్లాదేశ్ పనివాడు గుండీని చూసి, "నర్సా బాబా కా కోట్!" అని లోపలికి వేలు చూపించాడు.

ఖర్జూరపు చెట్ల మధ్య ఒక ముసలాయన పైపుతో నీళ్ళు పడుతున్నాడు. మల్లన్న పది అడుగుల దూరంలో ఆగిపోయాడు. ముసలాయన తేరిపార చూశాడు.

"గింత ముసలోనివైనవేందిరా తమ్మీ?"

"నువ్వు పోరనివే ఉన్నవు మరి!" అన్నాడు మల్లన్న, ఏడుస్తూ. "దుబాయంత ఎతికిపిచ్చిన నీకోసం."

"నేను దుబాయ్ పోలే కదరా."

పైపు అలాగే కారుతోంది. దాన్ని నేను కట్టేశాను. నాకు అక్కడ వేరే పని కనిపించలేదు.

నర్సయ్య కథ పెద్దదేమీ కాదు. ఖతార్‌లో మొదట పని ఇచ్చిన యజమాని దగ్గర పాస్‌పోర్ట్ పోయింది. చేతిలో ఏమీ లేకుండా ఏం రాయాలని ఆగాడు. "ముందుగాల సిగ్గయింది సార్. తర్వాత అలువాటయింది," అన్నాడు. మొదటి చలికాలాల్లో ఆ కోటు వేసుకుని మేకల్ని తోలుకుంటూ మా రోడ్డు పడే జాగా వరకూ వచ్చేవాడట.

అక్కడితో అంతా అర్థమైపోయిందని నాకు చాలా తృప్తిగా ఉండింది. గుండీ తెగిపడింది, నేను తవ్వాను. నర్సయ్య గది లోంచి కోటు తెచ్చాడు. ఎర్రది, ఇప్పుడు ఇటుక రంగుకు వచ్చింది. నేను గుండీ పట్టుకుని, పోయిన చోటెక్కడా అని చూశాను.

ఎక్కడా లేదు. ముందువైపు ఏడు కాజాలు, ఏడు పిల్లులు. అన్నీ ఒకే పాత దారంతో ఉన్నాయి. భుజాల మీద, చేతుల మీద గుండీలు అసలు లేవు.

"గుండీ ఎన్నడు తెగలే సార్," అన్నాడు నర్సయ్య. "ఒక్కొక్కల్లకు ఏడే ఇచ్చిండు సేటు. పిసినారి." నేను గుండీ ఇవ్వబోతే తీసుకోలేదు. "నాది గాదు కద."

మల్లన్న అక్కడినుంచే ఇంటికి ఫోన్ చేశాడు. వాళ్ళావిడ పెట్టె తెరిచి అతని కోటు చూసింది. ఏడు. మిగతా ఏడుగురిలో ఎవరూ గల్ఫ్ ముఖం చూడలేదు.

మల్లన్న తన టికెట్ ప్రకారం వెళ్ళాడు. నర్సయ్య కాగితాలకు ఎంబసీ చుట్టూ నేను తిరిగాను. నలభై రోజులు పట్టింది. హైదరాబాద్ ఎయిర్‌పోర్టుకు మల్లన్న డ్రమ్ము పట్టుకుని వెళ్ళాడట. లోపల వాయించనివ్వలేదు. పార్కింగ్‌లో వాయించాడట.

ఈ వేసవిలో ఒక వీడియో పంపించాడు. ఊళ్ళో ఏదో పెళ్ళి. నర్సయ్య ఆ కోటు వేసుకుని, ఎవరిదో క్లారినెట్ అడిగి తీసుకుని వాయిస్తున్నాడు. నేను ఆఫీసులో భోజనం చేస్తూ హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. వరస పైకి ఎక్కింది, పై మెట్టు మీద ఠక్కున ఆగింది, గుటక వేసినంత ఖాళీ, మళ్ళీ అందుకుంది. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఫోన్ చేసి, అక్కడ ఎందుకు ఆగుతావని నర్సయ్యను అడిగాను. "ఆడ గుటకేస్త సార్, సిన్నప్పటి సంది. మా అయ్య ఎన్ని తన్నులు తన్నినా పోలే," అన్నాడు. ఖతార్‌లో ఇరవై రెండేళ్ళూ క్లారినెట్ ముట్టలేదట. ఆ వాయింపును ఎవరూ ఎప్పుడూ రికార్డు చేయలేదని మల్లన్న పక్కనుంచి అరిచాడు.

ఎవరైనా అడిగితే, డిటెక్టర్ ఏదో రేడియోను పట్టిందని చెప్పాలనుకున్నాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

గుండీ ఇప్పుడు నా డ్రాయర్లో, స్టేప్లర్ పిన్నుల పక్కన ఉంది. దాని మీద పద్ధతిగా ఒక చీటీ కూడా రాసిపెట్టాను. వయసు ముప్ఫై చిల్లర. చేసినవాడు కంచరాయన. బొమ్మ పిల్లి. ఎవరిదన్న చోట మాత్రం ఖాళీ వదిలాను, గుటక వేసినంత.