ఒడిశా పెట్రోలు తెచ్చే మాస్టారు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది నాకు పాతపట్నంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఉద్యోగం దొరికింది. ఉండేది నరసన్నపేట శివారు కాలనీలో. పొద్దున్నే కాలనీలో సగం మంది టిఫిను బాక్సులతో శ్రీకాకుళం వైపు పరుగెత్తేవారు. నేనొక్కణ్ణే ఎదురు దిక్కు, అదీ గంటకి పైగా బస్సులో. ఆ బస్సుకి ప్రతి స్టాపన్నా ప్రేమే, టైమంటేనే పడదు. నెలలో నాలుగోసారి ప్రార్థన అయిపోయాక గేటు దూరినప్పుడు హెడ్మాస్టరు శాంతంగా చెప్పారు: "ఇంకోసారి ఆలస్యమైతే ఇక రావక్కర్లేదండి. మీకూ హాయి, బస్సుకీ హాయి."

బండి కొనే స్తోమత లేదు. హెల్మెట్ మాత్రం ఉంది. చెల్లెలు ఆశతో కొనిచ్చింది.

ఆ సాయంత్రం ఇంటి ఓనరు మావ అరుగు మీద కూర్చుని ప్రభుత్వాన్ని తిడుతున్నాడు. ఈయన నాకు చుట్టం కాదు, అద్దె టైముకి ఇచ్చినవాళ్ళందరికీ మావే. మన దగ్గర పెట్రోలు మీద పన్ను పెంచారు. పాతపట్నం దాటి నాలుగడుగులేస్తే పర్లాకిమిడి, అంటే ఒడిశా. అక్కడ లీటరు నాలుగు రూపాయలు తక్కువ.

"రోజూ ఆ పక్కకే ఎల్తన్నావు కదరా. ఓ డబ్బాతో అట్టుకొస్తే ఏటి పోతాది?"

"బస్సులో పెట్రోలు డబ్బా ఎక్కనివ్వరు మావా. బండియ్యి, ట్యాంకు నింపించి తెస్తాను."

సరదాకే అన్నాను. మావ లోపలికెళ్ళి తాళం, పెట్రోలు డబ్బులూ తెచ్చాడు.

మర్నాడు హెడ్మాస్టరు కన్నా ముందే బడిలో ఉన్నాను. ఆయన నన్ను చూసి, గోడ గడియారం చూసి, అది ఆగిపోయిందేమోనని అటెండరుని అడిగారు. సాయంత్రం పర్లాకిమిడి బంకులో ట్యాంకు నింపించి తెస్తే, మావ మూత తీసి చంటిపిల్లాడి తల మూర్కొన్నట్టు మూర్కొన్నాడు. "ఏటిరా ఇది! సెంటులాగున్నాది!"

వారం తిరిగేసరికి వీధంతా నాకు చుట్టాలే. రోజుకొక బండి వంతున మావ గేటుకి జాబితా అంటించారు. వంతుకి ముందురోజు వాళ్ళింట్లో నాకు చేపల పులుసు. ఎదురింటి బావ బండికి లైటు వేస్తే హారను మోగేది. బడి పిల్లలు బండిని చూసి వారం చెప్పేవారు: "ఎర్ర బండొచ్చిందిరా, ఈరోజు గురువారం. ఆటల పీరియడ్ ఉన్నాది!"

రెండు నెలలు ఇలా గడిచాక, ఒక ఆదివారం సాయంత్రం మావ భార్య, అంటే మా అత్త, కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతూ తలెత్తింది.

"ఒరే మాస్టరా, నువ్వు ఎల్లడానికీ రాడానికీ కాలే పెట్రోలు ఎవుడిదిరా?"

ఎదురింటి బావ నోటి దాకా వెళ్ళిన పకోడీ అక్కడే ఆగింది.

"బండిదే అత్తా."

"బండెవుడిది?"

"ఆళ్ళదే."

"మరి ఈళ్ళకి మిగిలిందేటి?"

బావ వేళ్ళ మీద లెక్క మొదలెట్టాడు. రెండు చేతులూ అయిపోయాక నా వైపు తిరిగాడు. "ఒరే, నువ్వు బళ్ళో ఏటి సెప్తావురా?"

"లెక్కలు బావా."

అత్త కత్తిపీట పక్కకి జరిపి మరీ నవ్వింది. నిజానికి ఆ లెక్క నాకు మొదటి రోజు, సగం దారిలోనే తేలింది. ఎవరైనా అడిగితే చెబుదామనుకున్నాను.

సోమవారం ఏ తాళమూ రాలేదు. బస్టాపులో నిలబడ్డాను. బస్సు కూడా రాలేదు. ఇంకో పది నిమిషాలైతే ఉద్యోగం గోవిందా. హెల్మెట్ తీసుకెళ్ళి చెల్లెలికి తిరిగిచ్చేద్దామనుకుంటుండగా మావ లుంగీలోనే బండి మీద వచ్చి, దిగి, తాళం నా చేతిలో పెట్టాడు.

"మావా, నీకు నష్టం. నిన్ననే తేలిపోయింది కదా."

"నీ లెక్కలు నీ బళ్ళో సెప్పుకో. పేటలో ఏ బండికైనా మన ఆంధ్రా పెట్రోలే. నా బండి ఒడిశాది తాగుతాది. దానికో పరువున్నాది." లుంగీ పైకి మడిచి నడుచుకుంటూ ఇంటికి పోయాడు.

పిల్లలు వరసలో నిలబడుతుండగా గేటు దూరాను. సాయంత్రం, దారిలో కాలినంత పెట్రోలు నా జేబులోంచి డబ్బిచ్చి పోయించాను. బస్సు చార్జీ కన్నా ఎక్కువే అయింది. ఆ లెక్క ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు తెల్లారి తలుపు తీస్తే ఎదురింటి బావ తాళం ఊపుతూ నిలబడి ఉన్నాడు.

"ఏటిరా, మావ బండికొక్కదానికేనా పరువు?"