నేనెక్కితేనే మూలిగే బండి

ఆ రోజుల్లో మొగుడూ పెళ్లాం మాట్లాడుకోవాలంటే ముందు చోటు వెతుక్కోవాలి, ఆ తర్వాతే మాటలు. ఇప్పటి పిల్లలకు ఇది చెబితే నవ్వుతారు. ధర్మవరంలో మా అత్తగారి ఇల్లు చిన్నదేమీ కాదు. కాకపోతే ముందరింట్లో మగ్గాలు, నడింట్లో రాట్నాలు, మిగిలిన చోటంతా పట్టు మూటలు. మనుషులం వాటి సందుల్లో సర్దుకునేవాళ్లం. మా గదికి అడ్డుగోడ ఉంది గానీ అది పైకప్పు దాకా పోలేదు. ఇటువైపు నేను కాస్త గట్టిగా నిట్టూరిస్తే చాలు, అటువైపు నుంచి మా అత్త "ఏం పాపా, కడుపు నొస్తాందా?" అని అడిగేది. పగలు మగ్గాల చప్పుడు ఉంటుంది కదా, ఆ చాటున మాట్లాడుకోవచ్చు కదా అనుకుంటారేమో. పెద్దవాళ్ల ముందు కోడలు మొగుడితో మాట్లాడటం మర్యాద కాదు. అన్నం వడ్డిస్తూ "చాలా?" అనడమే మా సంసారంలో పెద్ద సంభాషణ.

అలాంటి ఇంట్లో మాకు దొరికిన గది మోటారుసైకిలు. మా ఆయన చుట్టుపక్కల ఊళ్లలోని నేతగాళ్లకు పట్టు ఇచ్చి, నేసిన చీరలు తెచ్చేవాడు. ఆ ఊళ్లలో దారాన్ని కండెలకు చుట్టేది ఆడవాళ్లు కాబట్టి, ఆడమనిషి పోయి మాట్లాడితే పని సులువని మా మామే నన్ను కూడా పంపేవాడు. (ఆ ఒక్క మాటకు ఆయనకు నేను జన్మంతా రుణపడి ఉన్నాను.) సాయంత్రం చిత్రావతి ఏరు దాటామంటే అటూ ఇటూ ఎండిపోయిన చెనిక్కాయ చేలు, మధ్యలో మట్టిదోవ, వినేవాళ్లు ఎవరూ లేరు. పొద్దున్నుంచీ దాచుకున్న మాటలన్నీ ఆయన వీపుకు చెప్పేదాన్ని. మడకశిర పిల్లను కాబట్టి మధ్యమధ్య కన్నడం కూడా దొర్లేది. ఆయనకు సగమే అర్థమయ్యేది. అయినా "ఊఁ" కొట్టేవాడు.

ఇక బండి కథ. మా ఆయనను నేను పొట్టి అనను (ఈ వయసులో కూడా ఆయనకు కోపం వస్తుంది), కాళ్లు కాస్త పొదుపుగా పెరిగాయంటాను. ఆ బండేమో ఆరడుగుల మనిషి ఒకాయన వాడి అమ్మిన పాతది. ఆపినప్పుడల్లా మా ఆయన మునివేళ్ల మీద నిలబడి దేవుణ్ణి తలుచుకునేవాడు. ఒకసారి పట్టు మూటతో సహా కంపలో పడ్డాక, స్టేషన్ దోవలో షెడ్డు పెట్టుకున్న భాయ్ దగ్గరికి పోయి బండిని దించమన్నాడు. భాయ్ వెనక షాకబ్జర్ల స్ప్రింగులు కాస్త కోసి, ముందువైపు కూడా ఏదో చేసి, బండిని మా ఆయన కాళ్లకు తగ్గట్టు చేశాడు. మా మామకు అది నచ్చలేదు. "కాళ్లు చాలకుంటే బండిని నరుకుతారేమిరా" అన్నాడు గానీ, పాదాలు రెండూ నేలకు ఆనించి బండి మీద కూర్చున్న కొడుకు ముఖం చూసి ఊరుకున్నాడు.

ఆ వారంలోనే చప్పుడు మొదలైంది. గుంత వస్తే చాలు, నా కింద ఎక్కడో కటుక్కుమని ఒకటి, ఆ వెంటనే కుయ్యిమని మూలుగు ఒకటి. నేను మా ఊరి సంగతేదో మంచి ఊపులో చెబుతుంటే ఆయన చెయ్యి పైకెత్తి, "గమ్మునుండు, గమ్మునుండు, సద్దు ఇందాం" అనేవాడు. ఇద్దరం ఊపిరి బిగబట్టి వినేవాళ్లం. "ముందరా, ఎనకా?" అని ఆయన. "కిందనుంచి" అని నేను. "కిందంటే యాడ?" "మీ బండిలో యాడేముండాదో నాకేం తెలుసు?" అప్పటికి ఊరు వచ్చేసేది. అలా ఉన్న ఒక్క గదిలో కూడా నోరు మూసుకుని కూర్చోవలసి వచ్చింది.

మా ఆయన చేయని వైద్యం లేదు. చైను కవరు విప్పేశాడు. బండి డబ్బాలోని పానాలన్నీ గుడ్డలో చుట్టి పెట్టాడు. ఎక్కడ సందు కనబడితే అక్కడ గ్రీజు కూరాడు. దాంతో నా చీర కుచ్చిళ్లు పాడయ్యాయి తప్ప చప్పుడు పోలేదు. చివరికి ఒకరోజు వాకిట్లోనే, అందరూ చూస్తుండగా, నేను ఎక్కి కూర్చోగానే బండి కటుక్, కుయ్ అంది. మా మామ మగ్గం కింద కాళ్లు దించుకునే గుంతలోంచి లేచి వచ్చేశాడు.

"ఏమిరా, అట్ల అరుస్తాందే! స్ప్రింగులు కోసేటప్పుడే నేను చెప్తి, ఇన్యావా? రేపు దోవలో ఇరిగి పడితే పిల్ల నడుమేం కావల్ల? ఆ సద్దు పోయేదాకా అమ్మాయిని ఎక్కించుకునేది లేదు. పోకపోతే అమ్మేసి మోపెడ్ తెచ్చుకో."

మోపెడ్ అంటే వెనక పట్టు మూట పెడితే ఇక మనిషికి చోటుండదు. అది చాలదన్నట్టు మా అత్త రాట్నం తిప్పుతూనే అందుకుంది: "నేనూ చూస్తాండా. మూట ఏస్తే అరవదు, మన చిన్నోడు ఎక్కితే అరవదు, ఈ పాప ఎక్కితేనే అరుస్తాది. మడకశిర రాగిముద్ద యాడికి పోతాది మరి!" మా ఇంట్లో పట్టు తూచే త్రాసు చిన్నది కాబట్టి సరిపోయింది గానీ, లేకుంటే ఆరోజు నన్ను తూచేవాళ్లే. ఆ రాత్రి నేను ఒక ముద్ద తగ్గించి తిన్నాను. తెల్లారి ఆకలికి తట్టుకోలేక రెండు ఎక్కువ తిన్నాను.

మర్నాటి నుంచి భాయ్ షెడ్డులో పరీక్షలు. భాయ్ స్వయంగా వెనక కూర్చుని ఊరంతా తిరిగి వచ్చాడు, చప్పుడు లేదు. షెడ్డు పక్క టీకొట్టాయనను కూర్చోబెట్టారు. ఆయన నాకు రెండింతలుంటాడు. అయినా బండి కిమ్మనలేదు. కాలేజీ చదివే మా మరిది కూర్చుని గుంతగుంతకూ ఎగిరాడు, ఊహూఁ. "అన్నా, బండిలో ఏం లేదు, నీ చెవుల్లో ఉండాదేమో చూపించుకో" అని భాయ్ చేతులు తుడుచుకున్నాడు. మా ఆయన ఆ సాయంత్రం ఒక్కడే బత్తలపల్లి పోయి వచ్చాడు. అన్నం తింటూ నా వైపు చూశాడు. నేను "చాలా?" అన్నాను. "చాలు" అన్నాడు. అంతే. పెళ్లయ్యాక అంత దిగులు నాకు ఎప్పుడూ కలగలేదు. పుట్టింటికి పోతానని అడగాలనుకున్నాను, అడగడానికి కూడా చోటు లేదు.

మామ మాట ప్రకారం బండి అమ్మకానికి పెట్టారు; కొనడానికి సంత రోజు ఎవరో వస్తున్నారని, ముందు రోజు వాకిట్లో ఆఖరి పరీక్ష జరుగుతోంది. మా మరిది మళ్లీ వెనకెక్కి కూర్చున్నాడు. నేను మగ్గం చాటున నిలబడి చూస్తున్నాను. అటొక కాలు ఇటొక కాలు వేసుకుని దర్జాగా కూర్చున్న వాడిని చూస్తుంటే నాకు ఒళ్లు మండింది. కోడలి మర్యాద అంతా మరిచిపోయి, గట్టిగా అనేశాను.

"మామా, నేను ఆ మాదిరి కూచోను!"

మగ్గాలన్నీ ఆగిపోయాయి. అత్త రాట్నం ఆగిపోయింది. మా మామ ఒకసారి నన్ను, ఒకసారి బండిని చూశాడు. నేనేమో సిగ్గుతో చచ్చిపోతూ, చేత్తో చూపించాను: రెండు కాళ్లూ ఎడమవైపే కదా. రోజూ అందరూ చూసేదే. వీధిలో ఏ ఆడమనిషైనా కూర్చునేది అలాగే. కానీ ఇంతమంది మగవాళ్లు ఇన్ని రోజులు బండిని విప్పి, గుచ్చి, మోసి, తిప్పి చూశారు గానీ, నేనెలా కూర్చుంటానో ఒక్కరికీ గుర్తు రాలేదు. నిజానికి నాకే గుర్తు రాలేదు, ఇక వాళ్లను ఏమనాలి?

"అట్లయితే నువ్వు ఒక పక్కకు కూచోరా" అన్నాడు మామ చిన్నకొడుకుతో. వాడు బండి మీంచి దూకేశాడు. "నేను కాలేజీకి పోవల్లనా వద్దా? ఆడోళ్ల మాదిరి కూచోని బజార్లో పోతే నన్ను బతకనిస్తారా?" నన్నే కూర్చోబెడితే సరిపోయేది గానీ, తన నోటితో వద్దన్న మాట మామ వెనక్కి తీసుకోడు. "పోనీలేరా, నాకేం కాలేజీ లేదు" అని పంచె సర్దుకుని, పెద్దపెద్ద మీసాలతో, రెండు కాళ్లూ ఎడమవైపు పెట్టి, ఒక చెయ్యి కొడుకు భుజం మీద వేసి, ఇంకో చెయ్యి ఒళ్లో పెట్టుకుని పద్ధతిగా కూర్చున్నాడు. బండి వీధిలోకి కదిలింది. ఆ ఏడు వానల్లేక వీధి కొళాయి దగ్గర ఎప్పుడూ బిందెల బారే. ఆ బారులోంచి ఒకామె అరిచింది: "ఏం పెద్దాయనా, పుట్నింటికా?"

"అవునుమ్మా, పంపించేస్తాండారు" అన్నాడు మా మామ, ముఖంలో నవ్వన్నది లేకుండా.

కాలవ గుంత దగ్గర బండి కటుక్, కుయ్ అంది. "నిలుపు! పలికిందిరా!" అని మామ వేసిన కేక మా వాకిలి దాకా వినబడింది. ఇంట్లో మగబిడ్డ పుట్టినా ఆయన అంత సంతోషించి ఉండడు. అలాగే షెడ్డుకు పోయారు. భాయ్ ఆయనను దిగనివ్వలేదు. తాను కింద పడుకుని, "పెద్దాయనా, ఎగురు... ఇంకొంచెం ఎగురు" అంటుంటే మా మామ సీటు మీద ఎగురుతూనే ఉన్నాడట. దొంగ దొరికింది. బరువంతా ఎడమవైపు పడినప్పుడు కోసిన స్ప్రింగు మరీ కిందికి దిగి, చీర చక్రంలో పడకుండా పెట్టిన కమ్మీ ఉంటుంది చూడండి, దాని కాలికి షాకబ్జరు కొట్టుకుంటోంది. లేచేటప్పుడు దాన్నే రాసుకుంటూ లేస్తోంది. చీరను కాపాడే కమ్మీ మగవాళ్లకెందుకు గుర్తొస్తుంది! భాయ్ పాత టైరు ముక్క ఒకటి కోసి మధ్యలో బిగించాడు. చప్పుడు పోయింది. మామ ఇంటికి వచ్చి, "అది అమ్మాయి బరువు కాదే, కూచునే తీరు" అని అత్తకు వినిపించేలా, నాకు ఇంకా బాగా వినిపించేలా చెప్పాడు.

కథ అక్కడ ముగిస్తే బాగుండేది. కానీ అంత సాఫీగా పోతున్న బండిని చూసి మా మామకు ఊళ్లు తిరగాలనే కోరిక పుట్టింది. "నేతగాళ్లను చూసి శానా దినాలాయ, నేనూ వస్తా పద" అని సాయంత్రం కాగానే, ఈసారి మగవాడి తీరుగానే, వెనకెక్కి కూర్చునేవాడు. మా ఆయన నా వైపు నిస్సహాయంగా చూసి బండి కదిలించేవాడు. చప్పుడు పోగొట్టుకోవడానికి అంత పాటుపడి, ఉన్న ఒక్క చోటూ పోగొట్టుకున్నాం. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. మంచి మనిషి మీద కోపం తెచ్చుకోవడం కంటే కష్టం ఇంకొకటి లేదు.

కొన్నాళ్లకు మా అత్త చుట్టాలింటికి పోవాల్సి వచ్చింది. వెనక ఒక పక్కకు కూర్చుందో లేదో, కటుక్, కుయ్! "నా బరువు కాదది, రబ్బరు అరిగింటాది" అంది ఆమె, ఎవరూ ఏమీ అనకముందే. తిరిగి వచ్చాక మామ కొడుకుతో "పోయి చూపించుకోని రాపో" అన్నాడు.

"ఒక పక్కకు కూచుంటేనే కదా నాయనా పలికేది. నువ్వు రా."

"నేనా? ఇంకోసారా? చాలు నాయనా!"

"మరి అమ్మా?"

"నాకు నడుము పట్టింది" అంది అత్త.

మామ మగ్గం గుంతలోకి దిగుతూ, ఎవరి ముఖమూ చూడకుండా, "అమ్మాయిని పిల్చుకోని పో. సద్దు ఎట్లొస్తాందో బాగా ఇని రాండి" అన్నాడు. ఆయనకు ఎంత తెలుసో, ఎంత తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు.

షెడ్డు స్టేషన్ దోవలో ఉంటే మేము చిత్రావతి దోవ పట్టాం. అరిగిన టైరు ముక్క మార్చడానికి ఒక టీ తాగేంత సేపు చాలని ఇద్దరికీ తెలుసు. ఏరు దాటాక ఆయన బండి నెమ్మది చేసి, "సద్దు ఇన్యావా?" అన్నాడు. కటుక్, కుయ్ అని నా కాళ్ల కిందే మోగుతోంది. "సరిగ్గా ఇనపళ్లేదు, ఇంకొంచెం దూరం పోదాం" అన్నాను. ఆ చప్పుడు కనిపెట్టడానికి మాకు ఆ ఎండాకాలం అంతా పట్టింది. అప్పటి ఆ పిల్లను, అంటే నన్నే, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయగా కూడా ఉంటుంది.